సుగుణక్క చేతి గోలీలు

మట్టెవాడలో పొద్దున షట్టరు ఎత్తిన ప్రతి దుకాణందారు కళ్లూ వీధి మొగదల వైపే ఉంటాయి, సుగుణక్క ఎప్పుడొస్తుందా అని. ఆమె చేత్తో బోణీ అయితే ఆ రోజు గిరాకీకి లోటుండదని మా వీధి నమ్మకం. నేను బ్లౌజు పీసుల మ్యాచింగ్ సెంటర్ నడుపుతాను. డిగ్రీ చదివాను. ఇలాంటివేమీ నమ్మనని పదిమందిలో గట్టిగానే చెబుతాను. అయినా సుగుణక్క నా కొట్టు చేరేలోపు ఇంకెవరైనా వచ్చి బోణీ చేశారంటే నాకు మధ్యాహ్నం దాకా మనసు బాగుండదు. ఆ కోపమంతా ఇంటికెళ్లి మా ఆయన మీద చూపిస్తాను.

అందరినీ సంతోషపెట్టాలని పాపం ఆమె రోజూ దుకాణం దుకాణం తిరిగి ఏదో ఒకటి కొంటుంది. ఒకరి దగ్గర అగ్గిపెట్టె, ఒకరి దగ్గర నిమ్మకాయ, నా దగ్గర హుక్కుల ప్యాకెట్. వాళ్లింట్లో బీరువా తలుపు తీస్తే హుక్కులు రాలతాయి. అంతటితో అయిపోలేదు. మామిడికాయ తొక్కు పెట్టేవాళ్లు బూజు పట్టకుండా ఉండాలని మొదటి గుప్పెడు ఉప్పు ఆమె చేత వేయిస్తారు. కొత్త కుట్టుమిషను మీద తొలి కుట్టు ఆమెదే. పెళ్లికూతురికి తొలి గాజు తొడిగేదీ ఆమే. సుగుణక్కకు పిల్లలు లేరు. ఎవరైనా ఆ మాట ఎత్తితే, ఈ వాడలో పుట్టిన పిల్లలందరికీ తొలి అంగీ తొడిగింది తానే కదా అని నవ్వేస్తుంది. ఆ నవ్వులో బాధ లేదని నేను చెప్పను. కానీ ఆ చెయ్యంటే ఆమెకు గర్వం. ఉండాలి కూడా.

ఇక ఆమె భర్త పాండురంగం. వరసకు నాకేమీ కాడు గానీ మా వీధిలో అందరికీ బావే. స్టీలు గిన్నెలు, ఇత్తడి బిందెల దుకాణం. భార్య చెయ్యి ఎంత మంచిదని పేరో, ఈయన చెయ్యి అంత చెడ్డదని పేరు. ఒకసారి కొత్తగా పెట్టిన జ్యూస్ సెంటర్‌లో ఈయన తొలి గ్లాసు కొన్నాడు, సాయంత్రానికి ఫ్రిజ్ కాలిపోయింది. ఇంకోసారి మిర్చి బజ్జీల బండి దగ్గర బోణీ చేస్తే వాన ముంచెత్తింది, అదీ ఎండాకాలంలో. అప్పటినుంచి పొద్దున ఈయన వీధిలోకి వస్తుంటే జనం తలలు తిప్పుకుని అగరొత్తులు వెతుక్కుంటారు. ఈయన మాత్రం గడప మీద నిలబడి, చేతిలో ఏముంటుంది, సరుకులో ఉంటుంది గానీ అని నవ్వేవాడు. అలా నవ్వే మనిషి తన దుకాణంలో దసరాకు కొబ్బరికాయ ఎప్పుడూ తాను కొట్టడు. సుగుణక్క చేతికిస్తాడు. అది నేను చూశాను, ఎవరికీ చెప్పలేదు.

బావకు డాక్టర్లంటే పడదు. వాళ్లన్న రాంప్రసాద్ కడుపునొప్పి అని ఆటోలో ఒక ప్రైవేటు దవాఖానకు వెళ్లి, తన కాళ్ల మీదే లోపలికి నడిచి, ఉన్న పరీక్షలన్నీ చేయించుకుని, చివరికి ప్రాణం లేకుండా ఇంటికొచ్చాడు. అప్పటినుంచి ఈయన దవాఖాన మెట్టు ఎక్కలేదు. ఎవరైనా నచ్చజెప్పబోతే వ్యాపారం లెక్క తీసేవాడు. "పెండ్లి గిరాకీ తోల్కొచ్చిన వంటోనికి నేను కమీషన్ ఇస్తలేనా? ల్యాబోడు డాక్టరుకు ఇయ్యడా? నాకు జెప్తరేంది?" అనేవాడు. నేను మాట మార్చేదాన్ని. ఎందుకంటే టైలర్లకు నేనూ ఇస్తాను.

అలాంటి మనిషి కాలి మీద ఒకరోజు ఇత్తడి బిందె పడింది. కుడికాలి బొటనవేలు చితికింది. మామూలుగా అయితే మానిపోవాల్సిన దెబ్బ, కానీ ఈయనకు షుగర్ ఉంది. ఎప్పుడో ఆర్యవైశ్య సంఘం వాళ్ల క్యాంపులో బయటపడితే, మిషను తప్పు చూపించిందని తేల్చేశాడు. కాకరకాయ రసం, మెంతుల నీళ్లు, ఫోన్లో ఎవరో గడ్డం మనిషి చెప్పిన ఆకుల పొడి, ఇవే ఈయన వైద్యం. పుండు మీద పసుపు, దాని మీద గుడ్డ, ఆ గుడ్డ కనపడకుండా ఒక సాక్సు. వీధిలో సాక్సు వేసుకుని చెప్పులు తొడిగే మనిషి ఈయనొక్కడే. దగ్గరికెళ్తే చిన్నగా వాసన వచ్చేది. సుగుణక్క ఆ వాసన నాకు తెలిసిందేమోనని నా మొహంలోకి చూసేది. నేను అగరొత్తు వెలిగించేదాన్ని.

మా వీధి చివర సర్కారు వాళ్ల బస్తీ దవాఖాన ఉంది. కొత్తగా అక్షర అని హన్మకొండ అమ్మాయి డాక్టరుగా వచ్చింది. మంచి పిల్ల, కాస్త తొందర మనిషి. ఆ పిల్ల ఖర్మ ఏమిటంటే, వచ్చిన మొదటి రోజు మొదట చూపించుకున్న ముసలాయన వారం తిరక్కుండానే పోయాడు. ఆయనకు తొంభై దగ్గర పడ్డాయి, ఆ పిల్ల ఇచ్చింది దగ్గు మందు. అయినా మా వీధి తీర్పు చెప్పేసింది, డాక్టరమ్మ చెయ్యి మంచిది కాదని. పైగా అక్కడ మందులు ఊరికే ఇస్తారు. డబ్బు తీసుకునే చోట దోపిడీ అంటారు, తీసుకోని చోట నాసిరకం అంటారు మా వాళ్లు. పాండురంగం బావ అయితే, ఊరికే ఇచ్చే గిన్నెను తాను రెండుసార్లు మోగించి చూస్తానన్నాడు. ఆ పిల్ల ఖాళీ బెంచీల ముందు కూర్చుని ఈగలు తోలుకునేది.

సుగుణక్క ఒక రోజు నన్ను వెంటబెట్టుకుని అక్కడికి వెళ్లింది, మొగుడి వేలుకు మందు అడగడానికి. మనిషిని చూడకుండా ఇవ్వనని అక్షర ఖరాఖండిగా చెప్పింది. ఆలస్యమైతే ఏమవుతుందని అక్క అడిగితే, వేలు నల్లబడుతుంది, అప్పుడు తీసేయాలి, ఇంకా ఆగితే పాదం మీదికొస్తుంది అని దాచకుండా చెప్పింది. అక్క మొహం పాలిపోయింది. వెళ్దామని లేచేసరికి, గుమ్మం దగ్గర మా వీధి పెద్దావిడ శారదత్త బీపీ గోలీలు అరచేతిలో పెట్టుకుని, మింగాలా పారేయాలా అని ఆలోచిస్తూ నిలబడి ఉంది. సుగుణక్కను చూడగానే ఆమె మొహం వికసించింది. "బిడ్డా, జర నీ చేత్తో ఇయ్యే. ఆ పిల్ల చెయ్యి నాకు గిట్టది" అంది, ఆ పిల్ల వింటుండగానే.

అక్క ఇచ్చింది. శారదత్త మింగింది. కొన్నాళ్లకు ఆమె తలతిరుగుడు తగ్గింది. ఇంకేం కావాలి? అప్పటినుంచి పొద్దున బోణీలయ్యాక జనం సుగుణక్క వెనకే దవాఖానకు నడిచారు. మందులిచ్చే కిటికీ దగ్గర గోలీ తీసుకోవడం, పక్కనే నిలబడ్డ అక్క చేతికి ఇవ్వడం, ఆమె చేతినుంచి మళ్లీ తీసుకోవడం. అక్షర మొదట్లో ఒంటికాలి మీద లేచింది. ఇది దవాఖానా, గుడా అని అందరినీ కసిరింది. తర్వాత బెంచీలు నిండటం చూసి తగ్గింది. ఆ తర్వాత తానే అక్కకు కుర్చీ వేయించింది. షుగర్ ఉందని తెలియని వాళ్లు ఎంతమందో ఆ కుర్చీ పుణ్యమా అని ఆ సంగతి తెలుసుకున్నారు. నేను కూడా ఒక రోజు పని లేకపోయినా వెళ్లి ఐరన్ గోలీ ఒకటి ఇప్పించుకున్నాను.

దవాఖాన గోడకు అప్పుడే పెద్ద టీవీ బిగించారు. హైదరాబాదులో ఉన్న పెద్ద డాక్టర్లు అందులోంచి మాట్లాడతారు. ముందు ముందు ఫోను కంట్లోకి చూసి జబ్బు చెప్పేస్తుందని, మణికట్టు గడియారం గుండె సంగతి పసిగడుతుందని అక్షర ఉత్సాహంగా చెప్పేది. నాకు ఒళ్లు మండింది. అన్నీ మిషన్లే చెబుతాయి సరే, చెప్పినదాన్ని నమ్మి గోలీ నోట్లో వేసుకునేలా చేసే మిషను ఎప్పుడొస్తుంది అన్నాను. ఆ పిల్ల నవ్వి, అది రాలేదనే కదా సుగుణమ్మకు కుర్చీ వేశాను అంది. అప్పటినుంచి నాకు ఆ పిల్ల నచ్చింది.

అంతా బాగుందనుకుంటుండగా సుగుణక్క పాలంపేటలో ఉన్న చెల్లెలి ఇంటికి, ఆ చెల్లెలి మనవరాలి ఊయల వేడుకకు వెళ్లింది. వెళ్లి కొన్ని రోజులు ఉండిపోయింది. తిరిగొచ్చేసరికి వీధి వీధంతా గోలీలు ఆపేసి కూర్చుంది. ఒకరు కాదు, ఇద్దరు కాదు. గోలీలు ఇంట్లోనే ఉన్నాయి, డబ్బాల్లోనే ఉన్నాయి. శారదత్త కళ్లు తిరిగి దవాఖాన మెట్ల మీదే కూలబడింది. ఎందుకు ఆపావని అక్షర అరిస్తే, సుగుణ ఊర్లో లేదు కదా అని చాలా సహజంగా జవాబిచ్చింది. గ్యాసు బండ రాలేదు కాబట్టి వంట చేయలేదన్నంత మామూలుగా. అక్షరకు తల ప్రాణం తోకకొచ్చింది. అక్కను లోపలికి పిలిచి, మీ చెయ్యి మంచిదే సుగుణమ్మా, కానీ వీళ్లు మందును వదిలేసి మీ చేతిని మింగుతున్నారు అంది.

ఈ సంగతి తెలిసి పాండురంగం బావ పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు. దుకాణం ముందుకు వచ్చి నాతో, "సూసినవా విజయా, నేను మొదటి సంది ఏమంటాన? గోలీల ఏం లేదు, అంత మా సుగుణ చేతులనే ఉన్నది. ఇగ నాకు డాక్టరెందుకు? ఆమె చేత్తోని మెంతుల నీళ్లు తాగుతాన" అన్నాడు. వీధిని దవాఖానకు తీసుకెళ్లిన ఆ చెయ్యే ఈయనకు వెళ్లకుండా ఉండటానికి సాకు అయింది.

ఆ మధ్యాహ్నం సుగుణక్క నా కొట్టులో, రంగురంగుల బట్టల తానుల మధ్య కూర్చుని ఏడ్చింది. సాక్సు విప్పి చూశానే విజయా, వేలు అంచు రంగు మారుతాంది అంది. వాడంతా నా చేత్తో తీసుకుంటారు, కట్టుకున్నోడు మాత్రం తీసుకోడు అంది. నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. వెళ్లి ఆ మనిషిని కాళ్లు చేతులు కట్టి ఆటోలో వేద్దామన్నాను. నేను నిజంగానే అన్నాను.

మర్నాడు దవాఖానలో అక్క మొహం ఎర్రగా ఉందని అక్షర ఊరికే ఆమె చేతికి బీపీ పట్టీ చుట్టింది. రెండుసార్లు చూసింది. చాలా ఎక్కువ ఉంది. అందరికీ గోలీలు అందించే మనిషి తన చెయ్యి ఒక్కసారి కూడా చూపించుకోలేదని అప్పుడే మాకు తెలిసింది. అక్షర గోలీలు రాసిచ్చింది. అవి అక్క అరచేతిలోకి రాగానే బెంచీల మీద పెద్ద చర్చ మొదలైంది. మంచి చెయ్యి మనిషికి ఎవరు ఇవ్వాలి? ఒకరు పూజారిని పిలుద్దామన్నారు. శారదత్త తానే ఇస్తానంది. నా పేరు కూడా వచ్చింది, నేను కొంచెం పొంగిపోయాను కూడా. సుగుణక్క ఎవరి మాటా చెవిన వేసుకోలేదు. గోలీల పట్టీ కొంగున ముడేసుకుని నేరుగా గిన్నెల దుకాణానికి నడిచింది. నేను వెనకాలే పరుగెత్తాను.

బావ గల్లా దగ్గర కూర్చుని ఫోన్లో గడ్డం మనిషిని చూస్తున్నాడు. అక్క పట్టీ ఆయన ముందు పెట్టింది.

"ఇగో, ఈ పట్టీలకెల్లి ఒక గోలీ తీసి మీ చేత్తో ఇయ్యుండ్లి."

"నాకు అంటగట్టే ఉపాయమా ఇది?"

"మీకు కాదు, నాకు. బీపీ బాగ ఎక్కువున్నదట."

బావ ఫోను కింద పెట్టాడు. మొహంలో నవ్వు పోయింది. పక్కనే విజయ ఉంది కదా, విజయ చేత ఇప్పించుకో అన్నాడు. చేతిలో ఏమీ ఉండదని మీరే కదా అంటారు అని అక్క కదలకుండా నిలబడింది. ఆయన గిన్నెల వైపు చూశాడు, వీధి వైపు చూశాడు. చివరికి చాలా నెమ్మదిగా అన్నాడు.

"అన్నను దవాఖానకు తోల్కపోయింది నేనే గదనే సుగుణా. ఆటో ఎక్కిచ్చింది గీ చేత్తోనే."

ఇన్నేళ్లూ ఈ మనిషి కమీషన్ల గురించి, ల్యాబుల గురించి వాదించిందంతా పైపై మాటే. లోపల ఉన్నది ఇది. వీధి మొత్తం నవ్వుతూ అన్నదాన్ని ఈయన నిజంగా నమ్మాడు. బజ్జీల బండి కథను పదిమందికి చెప్పి నవ్వించినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ క్షణాన నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

ఆయన మనసులో ఇది ఉందని సుగుణక్కకూ తెలియదని ఆమె కళ్లే చెప్పాయి. తర్వాత స్టూలు లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది.

"అయితే సూద్దాం. మీ చెయ్యి చెడ్డదైతే ఈ గోలీ నాకు పనిచెయ్యది. మందు మంచిదైతే ఎవ్వరిచ్చినా పనిచేస్తది. నేనైతే మీ చేత్తోనే వేసుకుంట, లేకుంటే వేసుకోను."

ఆమె మొండితనం మాకందరికీ తెలుసు. బావ గోలీ తీశాడు. అది జారి ఒక గుండిగలో పడి టంగుమంది. మళ్లీ తీసి, ధోవతికి తుడిచి, ఆమె చేతిలో పెట్టాడు. ఆమె మింగేసింది. ఆ తర్వాత ఆయన గిరాకీని కూడా పట్టించుకోకుండా ఆమె మొహమే చూస్తూ కూర్చున్నాడు. ఒక ఆవిడ పప్పు గిన్నె ధర అడిగి అడిగి వెళ్లిపోయింది.

రోజూ పొద్దున అదే తంతు. ఆయన ఇవ్వడం, ఆమె మింగడం, ఆయన భయంగా చూడటం. తల నొప్పిగా ఉందా, కళ్లు తిరుగుతున్నాయా అని అడిగి అడిగి ఆమెకు విసుగు తెప్పించేవాడు. ఒకరోజు ఆమె తుమ్మితే నన్ను కేకేశాడు. గడ్డం మనిషి వీడియోలు మూలన పడ్డాయి. వీధి కూడా ఊపిరి బిగబట్టి చూసింది. శారదత్త అయితే రోజుకు రెండుసార్లు వచ్చి, సుగుణ బాగానే ఉందా అని నన్ను గుసగుసగా అడిగి పోయేది. ఆమెకు కోపం కూడా ఉంది, అంత మంచి చేతిని అంత చెడ్డ చేతికి అప్పజెప్పిందని.

మళ్లీ చూపించుకోవడానికి రమ్మన్న రోజు పాండురంగం బావ దుకాణానికి తాళం వేశాడు. కుంటుకుంటూ, భార్య పక్కన, సాక్సు మీద చెప్పులతో దవాఖాన మెట్లు ఎక్కాడు. బెంచీల మీద ఉన్నవాళ్లు జరిగి చోటిచ్చారు. అక్షర ముందు సుగుణక్క చేతికి బీపీ పట్టీ చుట్టింది. చూసి, తగ్గిందని చెప్పింది. బావ ఒప్పుకోలేదు. రెండో చేతికి చూడమన్నాడు. అదీ తగ్గింది. మిషను మంచిదేనా అని అడిగి, డాక్టరమ్మ చేతికి చుట్టి చూపించమన్నాడు. అక్షర తన చేతికీ చుట్టుకుంది. తర్వాత శారదత్తకు చుట్టించాడు, ఆమెకు కొంచెం ఎక్కువే చూపించింది. కొత్త బిందెను నాలుగు వైపులా మోగించి చూసినట్టు అన్నీ చూశాక కుర్చీలో వెనక్కి వాలాడు.

"నా చేత్తోని ఇచ్చినా పనిచేసిందంటే, ఇది మందే" అన్నాడు.

శారదత్త సహా బెంచీల మీద ఉన్నవాళ్లందరూ ఆ మాట విన్నారు. నాకు తెలిసి మా వీధిలో ఏ డాక్టరూ ఇంత గట్టి సర్టిఫికెట్ సంపాదించలేదు. ఆ రోజునుంచి గోలీల కోసం ఎవరూ సుగుణక్క ఊరినుంచి వచ్చేదాకా ఆగలేదు. కుర్చీ ఖాళీ అయింది. బాధగా ఉందా అక్కా అని తర్వాతెప్పుడో అడిగితే, కొంచెం ఉన్నదే అని ఒప్పుకుంది.

కానీ ఆ పొద్దున ఆమెకు కుర్చీ గుర్తులేదు. ఎందుకంటే బావ వంగి సాక్సు విప్పుతున్నాడు. గుడ్డ విప్పి, కుడికాలు ఎత్తి డాక్టరమ్మ ముందున్న స్టూలు మీద పెట్టాడు. వాసనకు ఎవరూ ముక్కు మూసుకోలేదు. అక్షర కళ్లజోడు సర్దుకుని వంగి చూసింది, టీవీలో పెద్ద డాక్టరును పిలిచింది, బావ కాలును కెమెరా ముందుకు ఎత్తి పట్టుకున్నారు. ఆ పెద్దాయన చూసి, పెద్దాసుపత్రికి ఈరోజే వెళ్లి శుభ్రం చేయించుకోవాలి, గోరు పోతుంది, వేలు మిగులుతుంది అన్నాడు. ఇంకొన్నాళ్లు ఆగి ఉంటే ఆ మాట అనలేకపోయేవాణ్ని అని కూడా అన్నాడు. సుగుణక్క అందరి ముందే ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను, ఎవరికో ఫోను వచ్చినట్టు నటిస్తూ.

ఆటో వచ్చేలోపు మొదటి మోతాదు వేసుకోమని అక్షర గోలీలు కిటికీలోంచి తెప్పించింది. అలవాటుగా సుగుణక్క చెయ్యి ముందుకు చాచింది. బావ ఆ చేతిని మెల్లగా పక్కకు జరిపాడు.

"వద్దు సుగుణా, నేనే వేసుకుంట."

తన అరచేతిని తానే ఒకసారి చూసుకున్నాడు. ఆ చేత్తోనే గోలీలు తీసుకుని నోట్లో వేసుకున్నాడు. నీళ్ల గ్లాసు మాత్రం సుగుణక్కను అడిగి తీసుకున్నాడు.